బండి నిలిచే చోటు కూడా కిరాయిదే

నకిరేకల్ నుంచి హైదరాబాద్ పట్నానికి మారాలనుకునే కుటుంబం ఇల్లు వెతకడం మొదలుపెట్టగానే అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎన్ని నెలలది, కృష్ణా నీళ్లు వస్తాయా లేక బోరేనా, పిల్లల కాలేజీ ఎంత దూరం. పార్కింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం టు-లెట్ బోర్డు మీదున్న రెండు మాటలతో సరిపెట్టుకుంటారు: ‘పార్కింగ్ కలదు’. ఆ రెండు మాటలను నమ్మి సంతకం చేయవద్దని చెప్పడానికే ఈ అధ్యాయం. పార్కింగ్ ఇంటితో పాటు ఊరికే వచ్చేది కాదు. అది మీరు తీసుకుంటున్న రెండో కిరాయి. దానికి వేరే చోటుంది, వేరే హద్దులున్నాయి, దాని మీద అధికారం చాలాసార్లు ఇంటి ఓనర్‌ది కూడా కాదు. కాబట్టి ఇంటి గురించి ఎంత వివరంగా అడుగుతారో ఆ చోటు గురించీ అంతే వివరంగా అడగాలి, అడ్వాన్స్ ఇవ్వకముందే కాగితం మీద పెట్టించుకోవాలి.

నకిరేకల్‌లో ఈ ప్రశ్న పుట్టే అవకాశమే తక్కువ. సొంతిల్లయినా కిరాయిదైనా వాకిలి ఇంట్లో భాగం. బండి వాకిట్లో పెడతాం, కారుంటే గోడవారగా నిలుపుతాం, పెళ్లికో పండుగకో చుట్టాలు నాలుగు కార్లలో దిగినా వీధిలో ఎవరూ ఏమీ అనరు. చోటు అడిగి తీసుకోవాల్సినదని అక్కడ ఎవరికీ తోచదు. అదే కుటుంబం నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటి వచ్చి హయత్‌నగర్‌లోనో, వనస్థలిపురంలోనో, ఎల్బీనగర్‌లోనో దిగేసరికి లెక్క మారిపోతుంది. చిన్న కారు నిలబడి, తలుపు తీసుకుని మనిషి దిగాలంటే ఎనిమిది అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు కావాలి. అంటే 128 చదరపు అడుగులు. పదికి పన్నెండు పడకగది 120 చదరపు అడుగులే. ర్యాంపూ, బండి తిరిగే దారీ కలుపుకుంటే కారు ఆక్రమించేది ఇంకా పెద్దది. పట్నంలో ఒక గది ఎక్కువైతే కిరాయి ఎంత పెరుగుతుందో అందరికీ తెలుసు. కారు కోసం అదే కొలత చోటు తీసుకుంటున్నప్పుడు అది ఉచితమని ఎలా అనుకుంటాం? ధర ఇంటి కిరాయిలో కలిసిపోయి కనబడదు, అంతే.

ఈ కనబడని ధర గురించి లోకంలో చాలా చర్చే జరిగింది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన డొనాల్డ్ షూప్ 2005లో ‘ది హై కాస్ట్ ఆఫ్ ఫ్రీ పార్కింగ్’ అనే పెద్ద పుస్తకం రాశారు. ఉచితంగా కనబడే పార్కింగ్ ఖర్చు ఇంటి కిరాయిలో, దుకాణంలో కొనే సరుకుల ధరలో దాక్కుంటుందనీ, కారు లేనివాళ్లు కూడా దాన్ని మోస్తున్నారనీ ఆయన వాదన. కాలిఫోర్నియా 2023లో చేసిన ఒక చట్టం ప్రకారం అక్కడి కొన్ని కౌంటీల్లో 2025 నుంచి కొత్తగా వచ్చే, 16 ఇళ్లు లేదా అంతకు మించి ఉన్న భవనాల్లో ఇంటి కిరాయి వేరుగా, పార్కింగ్ కిరాయి వేరుగా చెప్పాలి. మన దగ్గర అలాంటి చట్టం లేదు. అయినా ఆ లెక్క మీరే వేసుకోవచ్చు. ఒకే వీధిలో ఒకే సైజు ఫ్లాట్లు రెండు దొరికాయనుకుందాం. కారు చోటు లేనిది 17,000, ఉన్నది 19,500. అంకెలు ఉదాహరణకే. తేడా నెలకు 2,500, ఏడాదికి 30,000. కారు నెలకు రెండుసార్లే బయటికి తీస్తే, తీసిన ప్రతిసారీ 1,250 రూపాయలు చోటుకే పోయినట్టు. పెట్రోలు, టోల్, ఇన్సూరెన్స్ దీనికి అదనం. ఈ లెక్క చూశాక కూడా కారు కావాలనిపిస్తే తప్పకుండా తెచ్చుకోండి. లెక్క చూడకుండా మాత్రం తేవద్దు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ‘పార్కింగ్ కలదు’ అని రాసిన ఓనర్ అబద్ధం చెబుతున్నాడని నేననడం లేదు. భవనంలో పార్కింగ్ ఉండే ఉంటుంది. అది మీకుంటుందా అన్నదే ప్రశ్న. హైదరాబాద్‌లో ఎన్నో ఏళ్లుగా భవన నిర్మాణాలకు ఆధారమైన జీవో 168 (2012 ఏప్రిల్ 7) పార్కింగ్‌ను కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతమని కొలుస్తుంది. ఫ్లాటుకో కారు అని కొలవదు. అందువల్ల భవనం నిబంధనలన్నీ పాటించినా ఫలానా ఫ్లాటుకు ఫలానా చోటు ఉండకపోవచ్చు. పైగా ఆ శాతం లెక్క కట్టిన రోజుది. అప్పట్లో ఇంటికో బండి ఉన్న చోట ఇవాళ ఒక కారూ రెండు స్కూటర్లూ ఉన్నాయి. పిల్లర్లు మాత్రం అక్కడే ఉన్నాయి. పదిహేను, ఇరవై ఏళ్ల కిందటి మూడంతస్తుల అపార్ట్‌మెంట్లలో స్టిల్ట్‌లో (పిల్లర్ల మధ్య వదిలిన కింది చోటులో) కనబడే కిక్కిరింపుకు మనుషుల చెడ్డతనం కంటే ఈ లెక్కే ఎక్కువ కారణం.

చోటు ఎవరిదన్న ప్రశ్న ఇంకా లోతైనది. 2010 ఆగస్టు 31న సుప్రీంకోర్టు నహల్‌చంద్ లాలూచంద్ కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం స్టిల్ట్ పార్కింగ్‌ను, ఖాళీ స్థలంలోని పార్కింగ్‌ను బిల్డర్ విడిగా ఒక ఆస్తిలాగా అమ్ముకోలేడు. అవి ఆ భవనంలో ఫ్లాట్లు కొన్నవాళ్లందరికీ చెందిన ఉమ్మడి స్థలాలు. ఆ తీర్పు మహారాష్ట్ర చట్టం మీద వచ్చింది, నిజమే. కానీ 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) దేశమంతటికీ దాదాపు అదే దారి చూపింది. పైకప్పు ఉండి మూడు వైపులా గోడలున్నదే గ్యారేజీ, బహిరంగ పార్కింగ్ ఉమ్మడి స్థలంలో భాగం అని నిర్వచించింది. కిరాయిదారుడికి దీనితో ఏం పని అంటారేమో. చాలా పని ఉంది. ఓనర్‌కు ఏ హక్కు ఉందో దానికి మించి మీకు రాదు. ఓనర్ కొనుగోలు దస్తావేజులో ఫలానా నంబరు పార్కింగ్ అని రాసుంటే అది ఒక రకం. దస్తావేజులో లేకుండా ఫ్లాట్ల ఓనర్ల అసోసియేషన్ కేటాయించిన నంబరైతే రెండో రకం. అక్కడ అసోసియేషన్ నియమం మారితే మీ చోటూ మారుతుంది, ఓనర్లకే గానీ కిరాయిదారులకు కారు చోటు ఇవ్వమనే అసోసియేషన్లూ ఉంటాయి. మూడో రకంలో కాగితమే ఉండదు. ‘ఎప్పటినుంచో నేనక్కడే పెడుతున్నా’ అన్న అలవాటు ఒక్కటే ఉంటుంది. ఓనర్ ఉన్నన్నాళ్లూ పక్కింటివాళ్లు ఆయన మొహం చూసి ఊరుకుంటారు. ఆయన కదిలి మీరు రాగానే ఆ చోటుకు కొత్త హక్కుదారులు పుట్టుకొస్తారు. మీకు చూపిస్తున్న చోటు ఈ మూడింట్లో ఏదో తెలుసుకోవాలంటే ఒకే ఒక్క ప్రశ్న చాలు: ‘ఈ నంబరు ఎక్కడ రాసుంది, చూపిస్తారా?’

ఓనర్ దగ్గర కాగితం ఉందనే అనుకుందాం. అది మీ చేతికి రావాలంటే మీ అగ్రిమెంటులో ఉండాలి. పట్నంలో అగ్రిమెంట్లన్నీ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో చాలామంది ఎప్పుడూ అడగరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ వద్దని పదకొండు నెలల దగ్గర ఆపుతారు. కాగితం లేకుండా నెలనెలా సాగే నివాసపు కిరాయిని ముగించాలంటే వేరే ఒప్పందం లేనప్పుడు ఆ చట్టం 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసు చాలు. అదే చట్టం 108వ సెక్షన్ కిరాయిదారుడికి ఒక మంచి రక్షణ కూడా ఇస్తోంది. కిరాయి కడుతూ షరతులు పాటిస్తున్నంత కాలం తీసుకున్న ఆస్తిని ఏ అడ్డంకీ లేకుండా అనుభవించనివ్వాలి. ఇక్కడ బరువంతా ‘తీసుకున్న ఆస్తి’ అన్న మాట మీదుంది. అగ్రిమెంటు చివర షెడ్యూలులో రెండు పడకగదులు, హాలు, వంటగది, బాల్కనీ అని రాసి పార్కింగ్ రాయకపోతే, చోటు కూడా మీరు తీసుకున్న ఆస్తేనని తర్వాత రుజువు చేయడం చాలా కష్టం. కాగితంలో లేని పార్కింగ్ ఓనర్ దయగా మిగిలిపోతుంది. దయ ఎప్పుడైనా వెనక్కి పోవచ్చు.

పాత అద్దె చట్టం మనల్ని కాపాడదా అని తెలిసినవాళ్లు అడుగుతారు. 1960లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చి, రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ కొనసాగిన భవనాల నియంత్రణ చట్టం ‘భవనం’ అంటే ఇంటితో పాటు కిరాయికిచ్చిన తోట, ఖాళీ జాగా, గ్యారేజీ కూడా అనే చెప్పింది. చూడ్డానికి చాలా బాగుంది. కానీ 2005 సవరణ తర్వాత నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయి ఇళ్లకు అది వర్తించదు. ఇవాళ ఎల్బీనగర్‌లో ఆ కిరాయికి ఫ్లాటు దొరకదు కదా. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా కిరాయి చట్టం కూడా గ్యారేజీని, మూసి ఉన్న పార్కింగ్‌ను ఇంటిలో భాగంగానే లెక్కించింది, నివాసాలకు అడ్వాన్స్ రెండు నెలల కిరాయి దాటకూడదంది. అయితే నమూనా అన్న మాటలోనే ఉంది, రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే మీకు పనికొస్తుంది. అంటే చట్టాలు రాసినవాళ్లందరూ బండి చోటు ఇంట్లో భాగమేనని ఒప్పుకున్నారు, కానీ మీ ఫ్లాటు దాకా వచ్చేసరికి మీకు మిగిలేది మీరు రాయించుకున్న అగ్రిమెంటు ఒక్కటే. నేను కాగితం మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఆ కాగితంలో ఏముండాలో రాసి చూపిస్తాను. ‘ఫ్లాట్ నంబరు 302తో పాటు స్టిల్ట్‌లోని 7వ నంబరు కారు పార్కింగ్ చోటు, ఒక ద్విచక్ర వాహనం నిలుపుకునే చోటు ఈ కిరాయిలో కలిసి ఉన్నాయి. కిరాయి గడువు ఉన్నంత కాలం ఈ చోటును యజమాని వేరొకరికి ఇవ్వరాదు. ఏ కారణం చేతనైనా ఈ చోటు వాడుకోవడానికి వీలు లేకపోతే, వీలు లేనన్నాళ్లూ నెలకు 2,500 రూపాయలు కిరాయిలో తగ్గించుకోవచ్చు.’ మూడో వాక్యం చాలా అగ్రిమెంట్లలో ఉండదు. నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యం అదే. బండి చోటు కోసం ఎవరూ కోర్టుకు పోరు. పోయినా వాయిదాలు తేలేలోపు పదకొండు నెలలు గడిచిపోతాయి. ‘కాగితం ఉండి ఏం లాభం, అమలయ్యేది లేదు’ అనేవాళ్ల మాటలో ఉన్న నిజం ఇదే, దాన్ని నేను కాదనను. కానీ చోటుకు ఒక ధర కట్టి కిరాయిలో తగ్గింపుగా రాసుకుంటే కోర్టు అవసరమే రాదు. చోటు పోయిన నెలలో మీరు తక్కువ కిరాయి కడతారు, దానికి ఓనర్ సంతకం మీ దగ్గరుంటుంది. అప్పుడు మీ చోటులో ఎవరో కారు పెడితే ఆ తగాదా మీరు ఒంటరిగా పడాల్సిన పని లేదు. ఓనర్‌కే నెలకు 2,500 నష్టం కాబట్టి ఆయనే వచ్చి అసోసియేషన్‌తో మాట్లాడతాడు.

ఇక్కడ అందరూ చెప్పే అభ్యంతరం ఒకటుంది. ఇన్ని షరతులు పెడితే ఓనర్ మనకు ఇల్లే ఇవ్వడు, వెనక పది మంది లైన్లో ఉన్నారు, వాళ్లలో ఎవరికో ఇచ్చేస్తాడు. ఈ భయం ఉత్తదేమీ కాదు. మెట్రో స్టేషన్‌కు నడిచి పోయే దూరంలో ఉన్న ఫ్లాటుకు గిరాకీ ఎక్కువే. అయినా ఈ భయంలో సగం మొహమాటం నుంచి పుట్టిందని నా నమ్మకం. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్లం, పట్నంలో ఓనర్‌ను అన్ని అడగడం బాగుండదేమో అన్న వెనుకంజ అది. అదే మనిషి నకిరేకల్ చుట్టుపక్కల నాలుగెకరాలు కౌలుకు తీసుకునేటప్పుడు ఎలా ఉంటాడో ఆలోచించండి. బోరులో ఎన్ని ఇంచుల నీళ్లు, మోటారు ఎవరిది, ట్రాక్టరు పోయే బాట ఎటు, ఆ బాట పక్క చేనువాళ్లదైతే వాళ్లు ఒప్పుకున్నారా, అన్నీ తేలకుండా మాట ఇవ్వడు. బాట లేని పొలం ఎంత చవకగా వచ్చినా పట్టడు. అడిగినందుకు పట్టాదారు చిన్నబుచ్చుకోడు, ఇతనికి వ్యవసాయం తెలుసని గౌరవిస్తాడు. ఆ తెలివీ ఆ ధైర్యమూ మీ దగ్గర ఉన్నవే, పట్నంలో వాడడమే తక్కువ. మాట కూడా కటువుగా ఉండక్కర్లేదు. ‘సార్, రేపు మీకూ నాకూ మాట రాకుండా ఈ రెండు లైన్లు అగ్రిమెంటులో రాద్దాం’ అంటే చాలు. నిజంగా చోటున్న ఓనర్‌కు ఆ రెండు లైన్లు రాయడంలో నష్టం లేదు. రాయనని పట్టుబట్టాడంటే మూడు కారణాలే ఉంటాయి: చోటు తనది కాదు, ఇంకొకరికి కూడా మాటిచ్చాడు, లేదా రేపు దాన్ని విడిగా కిరాయికిద్దామని చూస్తున్నాడు. ఈ మూడింట్లో ఏదైనా సరే, ఆ సంగతి అడ్వాన్స్ ఇచ్చాక కంటే ఇవ్వకముందు తెలియడం మేలు. అన్నీ బాగుండి ఆ ఇల్లే కావాలనిపిస్తే చోటు లేని ఇల్లుగానే తీసుకోండి. అప్పుడు బేరం కూడా చోటు లేని ఇంటి ధరకే ఆడండి.

రెండో అభ్యంతరం, రోడ్డు మీద పెడితే సరిపోతుంది, కాలనీ అంతా అలాగే పెడుతున్నారు కదా అని. కొన్నాళ్లు సాగుతుంది. కానీ ఇరవై, ముప్ఫై అడుగుల వీధికి రెండు వైపులా కార్లు నిలిస్తే మధ్యలో మిగిలే దారిలో నీళ్ల ట్యాంకరే కష్టంగా పోతుంది, అంబులెన్సు సంగతి చెప్పనక్కర్లేదు. ఆ అంబులెన్సు ఏదో ఒక రోజు మీ ఇంటికే రావచ్చు. పోలీసు క్రేన్ ఎత్తుకుపోతే జరిమానా, రాత్రి ఎవరో గీత పెట్టిపోతే మరమ్మతు. ఇన్సూరెన్స్ అడిగితే క్లెయిమ్ లేనందుకు ప్రీమియంలో వచ్చే రాయితీ పోతుంది. వీటన్నింటినీ మించి, పొద్దున లేచేసరికి కారు ముందు ఎవరు అడ్డం పెట్టారో అన్న ఆదుర్దాతో రోజు మొదలవుతుంది, దానికి ఏ లెక్కలోనూ ధర కట్టలేం. జపాన్ 1962లోనే ఒక చట్టం చేసింది. కారు కొనాలంటే రోడ్డు మీద కాకుండా వేరే నిలుపుకునే చోటు ఉందని పోలీసుల నుంచి ధ్రువపత్రం తేవాలి, ఆ చోటు ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు ఉండాలి. ముందు చోటు, తర్వాత కారు. చట్టం లేకపోయినా ఆ వరుసను మన ఇంటికి మనమే పెట్టుకోవచ్చు.

అందుకే ఇల్లు వెతకడానికి ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. కారు పట్నానికి రావాల్సిందేనా? ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట్‌కు మెట్రో 2018 సెప్టెంబరు 24న మొదలైంది. అక్కడ మారితే హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా రైలుంది. ఈ వైపు ఇల్లు తీసుకుని ఆ వైపు ఉద్యోగానికి పోయేవాళ్లకు రోజూ కారు తీయడం డబ్బుకూ ఒంటికీ భారమే. ఊరికి పోవడానికైనా కారు కావాలి కదా అంటారు. విజయవాడ హైవే మీద బస్సులకు కొదవ లేదు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టే లేదు. కుటుంబంలో ఇద్దరు ఆడవాళ్లుంటే ఆ ప్రయాణం ఖర్చులో కారు బస్సుతో పోటీ పడలేదు. అయితే ఇది అందరికీ ఒకటే సమాధానం కాదు. మోకాళ్ల నొప్పులతో మెట్రో మెట్లెక్కలేని తల్లి, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పోవాల్సిన తండ్రి, చంటిబిడ్డ ఉన్న ఇంట్లో కారు విలాసం కింద రాదు. అలాంటి ఇల్లు ఒక పడకగది తగ్గించుకునైనా గ్యారెంటీ చోటు తీసుకోవాలి. మిగతావాళ్లు మొదటి పదకొండు నెలలు కారును నకిరేకల్‌లో అమ్మానాన్నల దగ్గరే ఉంచి బండి ఒక్కటే తెచ్చుకుని చూడొచ్చు. అక్కడ వాకిలి ఉండనే ఉంది, పెద్దవాళ్ల ఆసుపత్రి పనికీ పనికొస్తుంది. లోటు నిజంగా తెలిస్తే రెండో అగ్రిమెంటుకు చోటున్న ఇల్లు చూసుకోవచ్చు.

చోటు తీసుకోవాలని తేల్చుకున్నాక దాన్ని కళ్లతో చూడాలి, అదీ సరైన వేళ చూడాలి. పగలు పదకొండింటికి చూపిస్తే స్టిల్టంతా మైదానంలా కనబడుతుంది. రాత్రి పదింటికి, బండ్లన్నీ ఇల్లు చేరాక ఒకసారి పోయి చూడండి. మీ కారునే తీసుకెళ్లి ఆ గీతల మధ్య నిలిపి, తలుపు తీసి దిగి చూడండి. పిల్లరు అడ్డం వస్తుందా, సంపు మూత సరిగ్గా మీ చోటులోనే ఉందా, ఉంటే ట్యాంకరు వచ్చిన ప్రతిసారీ మీరే కారు తీయాలి. ఒకదాని వెనక ఒకటిగా రెండు కార్లు నిలిపే చోటైతే ముందున్నది మీదా వెనకున్నదా, పొద్దున ఎవరు ముందు పోతారు, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంచుతారా అని ఆ పక్క ఫ్లాటువాళ్లనే అడగాలి. ఈ ఒక్క మాటలో ఆ ఇంటివాళ్ల స్వభావమూ కొంత తెలుస్తుంది. బండ్ల సంగతి ఇంకా మరుగున పడుతుంది. కార్లకు నంబర్లుంటాయి, స్కూటర్లకు ఉండవు, సందు దొరికిన చోట దూర్చమంటారు. ఇంట్లో బండి ఒక్కటే ఉన్న కుటుంబం తనకు పార్కింగ్ గొడవ లేదనుకుంటుంది గానీ, చోటు రాయించుకోవాల్సిన అవసరం వాళ్లకే ఎక్కువ. 2024 నవంబరులో రాష్ట్రం విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను మినహాయించాక చార్జింగ్ ప్రశ్న కూడా తోడైంది. మీ ఫ్లాటు మీటరు నుంచి కింద ప్లగ్గు పాయింటు తెచ్చుకోనిస్తారా, దానికి అసోసియేషన్ అనుమతి ఉందా అన్నది అడ్వాన్స్‌కు ముందే తేలాలి. ఉమ్మడి కరెంటుతో చార్జింగ్ పెట్టుకుందామనుకుంటే మొదటి బిల్లుకే తగాదా వస్తుంది.

సెల్లార్ పార్కింగ్ అయితే వానను గుర్తుపెట్టుకుని చూడాలి. 2020 అక్టోబరు 13న కురిసిన వానకు ఎల్బీనగర్, సరూర్‌నగర్ వైపు కాలనీలకు కాలనీలే మునిగాయి. సెల్లార్లలోని బండ్లు నీళ్లలో తేలాయి. గోడ మీద పాత నీటి మరక ఏ ఎత్తులో ఉంది, మోటారు పెట్టి నీళ్లు తోడే ఏర్పాటుందా, ర్యాంపు మొదట్లో నీళ్లు లోపలికి రాకుండా గట్టుందా అన్నవి వాచ్‌మన్‌కు తెలుస్తాయి, చుట్టుపక్కల కిరాణా దుకాణంవాళ్లకు ఇంకా బాగా తెలుస్తాయి. కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. పూర్తి పాలసీ ఉన్నా నీళ్లలో ఇంజిన్ స్టార్ట్ చేసి పాడైతే, ఇంజిన్ రక్షణ విడిగా తీసుకోకపోతే సాధారణంగా ఆ ఖర్చు మీదే. నీళ్ల కంటే నిప్పు గురించి ఇంకా జాగ్రత్త పడాలి. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో నిల్వ చేసిన రసాయన డ్రమ్ములు అంటుకున్నాయి. ఆ మంటలూ పొగా పైకెక్కి, కుటుంబాలతో ఉంటున్న కనీసం 9 మంది చనిపోయారు. కింద బండ్లుండాల్సిన చోట అట్టపెట్టెలో, పెయింటు డబ్బాలో, గ్యాస్ సిలిండర్లో పేర్చి కనబడితే అక్కడ పోయేది మీ పార్కింగ్ ఒక్కటే అనుకోవద్దు. పార్కింగ్‌గా చూపిన చోటును వేరే పనికి వాడితే తొలగించే అధికారం జీవో 168 అధికారులకు ఇచ్చింది. అయినా పిల్లలతో కాపురం పెట్టబోయే మనిషి ఫిర్యాదు ఫలితం కోసం ఎదురుచూడకుండా ఆ ఇల్లు వదిలేయడమే సరైన పని. కిరాయి ఎంత తక్కువైనా సరే.

ఇక చుట్టాలు. నకిరేకల్ నుంచి కారులో వచ్చేవాళ్లు ఉంటారు, పెద్దవాళ్లను ఆసుపత్రికి చూపించడానికో, పిల్లను కాలేజీలో చేర్చడానికో. వాళ్లు వచ్చి కింద నిలబడి ‘కారు ఎక్కడ పెట్టాలి’ అని ఫోన్ చేసినప్పుడు మీ దగ్గర సమాధానం ఉండాలి. జీవో 168 ప్రకారం పార్కింగ్ విస్తీర్ణంలో కనీసం 10 శాతం సందర్శకులకు వదలాలి. ఆ చోటు ఎటుందో ఇల్లు చూసిన రోజే అడగండి. చాలా భవనాల్లో అది ఎవరో ఒకరి రెండో కారు కింద కనబడుతుంది. అప్పుడు అసోసియేషన్ సెక్రటరీని నెమ్మదిగా అడగవచ్చు, రాత్రి ఉండిపోయే కారుకు ఏ ఏర్పాటు చేస్తున్నారని. రిజిస్టరులో నంబరు రాసి గేటు లోపల పెట్టనిస్తారా, ఒక రాత్రికి ఇంత అని తీసుకుంటారా, అసలు పెట్టనివ్వరా అన్నది తెలిస్తే చుట్టాలు బయలుదేరకముందే చెప్పవచ్చు. పెట్టనివ్వరని తేలితే, హైవే దాటి లోపలికి రాకముందే ఎల్బీనగర్ దగ్గర డబ్బులు కట్టి కారు పెట్టుకునే చోటు ఒకటి చూసి పెట్టుకోండి.